హంతకుల పత్రికల్లోంచే లెక్క తీసిన ఐడా వెల్స్

1893 చికాగో అనగానే మన పాఠ్యపుస్తకాలు చెప్పేది వివేకానందుడి ప్రసంగం ఒక్కటే. ఆ సర్వమత సభ ఒక భారీ ప్రపంచ ప్రదర్శనలో భాగంగా జరిగింది. కొలంబస్ అడుగుపెట్టి నాలుగు వందల ఏళ్లయిందని అమెరికా చేసుకున్న సంబరం అది. తన యంత్రాలు, కరెంటు దీపాలు, కళలు అన్నీ లోకానికి చూపించుకుంది. ఆ సంపదను చెమటతో, నెత్తుటితో పోగుచేసిన నల్లజాతి ప్రజలకు మాత్రం అందులో చెప్పుకోదగ్గ చోటే ఇవ్వలేదు. ఆ ఆవరణలోనే హైతీ దేశం కట్టుకున్న భవనంలో ఒక బల్ల దగ్గర కూర్చుని ముప్పై ఒక్కేళ్ల నల్లజాతి మహిళ వచ్చేపోయేవాళ్లకు ఒక చిన్న పుస్తకం పంచింది. ఈ ప్రదర్శనలో నల్ల అమెరికన్లు ఎందుకు లేరో చెప్పే పుస్తకం అది. పదివేల కాపీలు వేశారు. హైతీ ప్రతినిధిగా ఉన్న ఫ్రెడరిక్ డగ్లస్ ఆమెకు ఆ బల్ల ఇప్పించాడు. సొంత దేశపు ప్రదర్శనలో నిలబడటానికి వాళ్లకు వేరే దేశపు కప్పు కావాల్సి వచ్చింది.

ఆమె పేరు ఐడా బి. వెల్స్. అప్పటికే ఆమె తలకు మెంఫిస్ నగరంలో ప్రమాదం పొంచి ఉంది. సొంత పత్రికా కార్యాలయం ధ్వంసమై ఏడాది దాటింది. దక్షిణాదికి తిరిగి వస్తే చంపుతామని కబురు అందింది.

ఐడా 1862 జూలై 16న మిసిసిపీ రాష్ట్రంలోని హోలీ స్ప్రింగ్స్‌లో బానిసగా పుట్టింది. తండ్రి జేమ్స్ వడ్రంగి. ఒక తెల్ల యజమానికి బానిస స్త్రీ ద్వారా పుట్టిన కొడుకు. తల్లి ఎలిజబెత్ వంటమనిషి. అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయ్యాక కూడా జేమ్స్ పాత యజమాని దగ్గరే కూలికి పనిచేశాడు. నల్లవాళ్లకు ఓటు వచ్చినప్పుడు, తాను చెప్పిన పార్టీకి ఓటు వేయమని యజమాని ఒత్తిడి చేశాడు. జేమ్స్ వేయలేదు. ఓటేసి తిరిగి వచ్చేసరికి పనిశాలకు తాళం పడి ఉంది. ఆయన ఎవరినీ బతిమాలలేదు. కొత్త పనిముట్లు కొనుక్కుని, వేరే ఇల్లు అద్దెకు తీసుకుని సొంతంగా పని మొదలుపెట్టాడు. ఓటు వేసినందుకు పని పోవడమంటే ఏమిటో మన పల్లెల్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. తల్లి పిల్లలతో పాటు బడికి వెళ్లి కూర్చుని చదవడం నేర్చుకుంది.

1878లో పచ్చజ్వరం ఊరిని తుడిచిపెట్టింది. తల్లి, తండ్రి, చంటి తమ్ముడు కొద్ది రోజుల తేడాలో పోయారు. ఐడాకు అప్పుడు పదహారేళ్లు. మిగిలిన పిల్లలను తలా ఒకరు పంచుకుని పెంచుదామని తండ్రి మిత్రులు నిర్ణయించారు. వెన్ను వంగిపోయి నడవలేని చెల్లెలిని ఎవరూ అడగలేదు. ఐడా ఒప్పుకోలేదు. వయసు ఎక్కువ చెప్పి పల్లెటూరి బడిలో టీచరు ఉద్యోగం సంపాదించింది. వారమంతా అక్కడ పాఠాలు చెప్పి, వారాంతానికి కంచరగాడిద మీద ఇంటికి వచ్చి, బట్టలు ఉతికి, వంట చేసి మళ్లీ వెళ్లేది. ఆ తర్వాత మెంఫిస్ దగ్గర ఉద్యోగం దొరికి అక్కడికి మారింది.

ఆ ఉద్యోగానికి వెళ్లే రైల్లోనే ఆమె మొదటి పోరాటం జరిగింది. స్త్రీల బోగీకి టికెట్ కొని కూర్చుంటే, పొగతాగేవాళ్ల బోగీలోకి పొమ్మని కండక్టర్ చెయ్యి పట్టి లాగాడు. ఆమె వాడి చేతిని కొరికింది. ముగ్గురు మగవాళ్లు కలిసి ఈడ్చి దింపారు. తెల్ల ప్రయాణికులు చప్పట్లు కొట్టారు. ఐడా రైల్వే కంపెనీ మీద కేసు వేసింది. 1884లో కింది కోర్టులో 500 డాలర్ల నష్టపరిహారం గెలిచింది. 1887లో టెన్నెసీ సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి, కోర్టు ఖర్చులు ఆమె నెత్తినే వేసింది. కోర్టు న్యాయం చేస్తుందని నమ్మి ఎదురుచూసిన యువతికి అది పెద్ద దెబ్బ. ఈ అనుభవం గురించి చర్చి పత్రికలకు రాస్తూ రాస్తూ ఆమె జర్నలిస్టు అయింది. 1889లో మెంఫిస్‌లోని ఫ్రీ స్పీచ్ పత్రికలో భాగస్వామి అయింది. నల్లపిల్లల బడుల దుస్థితి మీద రాసినందుకు 1891లో స్కూలు బోర్డు ఆమెను ఉద్యోగం నుంచి తీసేసింది. ఇక పత్రికే బతుకుతెరువు.

ఆమె జీవితాన్ని రెండుగా చీల్చింది ఒక కిరాణా కొట్టు.

మెంఫిస్ శివారులో ట్రామ్ మలుపు తిరిగే చోటును కర్వ్ అనేవారు. అక్కడ థామస్ మాస్ అనే పోస్ట్‌మ్యాన్ మరికొందరు నల్ల యువకులతో కలిసి పీపుల్స్ గ్రోసరీ అని దుకాణం పెట్టాడు. మాస్ ఐడాకు ఆప్తమిత్రుడు. అతని కూతురికి ఆమె జ్ఞానమాత. ఎదురుగా ఒక తెల్లవాడి కొట్టు ఉంది. అప్పటిదాకా ఆ పేటలో బేరమంతా అతనిదే. ఇప్పుడు నల్లవాళ్లు తమవాళ్ల కొట్టుకు వెళ్తున్నారు. గోలీలాటలో పిల్లల తగాదా పెద్దల కొట్లాటగా మారింది. కొట్టు మీద దాడి జరగబోతోందన్న వార్తతో మాస్ బృందం కాపలా పెట్టుకుంది. ఒక రాత్రి మామూలు దుస్తుల్లో ఆయుధాలతో వచ్చినవాళ్లు పోలీసు సిబ్బంది అని తెలియక కాల్పులు జరిగాయి. ముగ్గురికి గాయాలయ్యాయి. పేట మొత్తాన్ని సోదా చేసి డజన్ల కొద్దీ నల్లవాళ్లను జైల్లో పెట్టారు. 1892 మార్చి 9 తెల్లవారుజామున ముసుగులు వేసుకున్న గుంపు జైల్లోకి వెళ్లి థామస్ మాస్‌ను, కాల్విన్ మెక్‌డోవెల్‌ను, విల్ స్టీవర్ట్‌ను ఎంచి బయటికి తెచ్చింది. ఊరి బయట రైలు పట్టాల దగ్గర కాల్చి చంపింది. కొట్టును గుంపు దోచుకుంది. మిగిలిన సరుకును అప్పులవాళ్లు వేలం వేశారు. హత్య కేసులో ఎవరికీ శిక్ష పడలేదు.

అంతకుముందు ఐడా కూడా చాలామంది లాగే ఒక మాట నమ్మేది. లించింగ్ తప్పే కానీ, దాని వెనుక ఏదో ఘోరమైన నేరం, అత్యాచారం లాంటిది, ఉండే ఉంటుందని. ఆత్మకథలో ఆమె ఈ సంగతి దాచుకోలేదు. మాస్ ఏ స్త్రీ జోలికీ పోలేదు. అతను చేసిన నేరం ఉప్పూ పప్పూ అమ్మడం. తెల్లవాడి కన్నా బాగా అమ్మడం. మరి మిగతా వాళ్ల సంగతేమిటి? ఆ ప్రశ్నతో ఆమె ఒక్కో హత్య వెనుక పడింది. హత్యలు జరిగిన ఊళ్లకు వెళ్లి వాకబు చేసింది. తెల్లపత్రికలు తిరగేసింది. ఇష్టపడి కలిసిన జంటల గుట్టు బయటపడినప్పుడు దానికి అత్యాచారం అని పేరు పెడుతున్నారని తేల్చుకుని మే నెలలో సంపాదకీయం రాసింది. కులాంతర ప్రేమల చుట్టూ మన దగ్గర పేరుకున్న కేసులు చదివినవాళ్లకు ఆ సంపాదకీయం ఎంతటి నిప్పో అర్థమవుతుంది. అప్పటికి ఆమె ఊళ్లో లేదు, తూర్పు తీరానికి వెళ్లింది. మే 27న గుంపు వచ్చి ప్రెస్సును నాశనం చేసింది. ఆమె ఇక న్యూయార్క్‌లోనే ఉండిపోయింది.

ఈలోగా మెంఫిస్‌లో ఇంకొకటి జరిగింది. ప్రాణానికీ ఆస్తికీ రక్షణ లేని ఊరిని వదిలెయ్యమని ఫ్రీ స్పీచ్ పిలుపిచ్చింది. వేలమంది నల్లవాళ్లు ఓక్లహోమా వైపు బయల్దేరారు. ఉన్నవాళ్లు ట్రాములెక్కడం మానేశారు. ఆరు వారాలకు ట్రామ్ కంపెనీ పెద్దలు ఆమె ఆఫీసుకే వచ్చి, మీవాళ్లు మళ్లీ ఎక్కేలా చూడమని అడిగారు. ట్రాములను నడిపించేది నల్లవాళ్ల డబ్బులే అన్న సంగతి వాళ్లకు అప్పుడు గుర్తొచ్చింది. 1985లో కారంచేడు బాధితులు ఊరు వదిలి చీరాల చేరి, అక్కడి శిబిరం నుంచే ఉద్యమం నడిపిన చరిత్ర తెలిసినవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఊరు విడిచిపోవడం ఎప్పుడూ పారిపోవడమే కాదు.

న్యూయార్క్‌లో ఆమె రాసిన సదరన్ హారర్స్ 1892లో, ఎ రెడ్ రికార్డ్ 1895లో వచ్చాయి. ఈ రెండో పుస్తకం పద్ధతి పరిశోధక విద్యార్థిగా నన్ను ఇప్పటికీ ఆపి ఆలోచింపజేస్తుంది. నల్లవాళ్లు చెప్పిన లెక్కలైతే అబద్ధమంటారు కాబట్టి, తెల్లవాళ్ల పత్రిక చికాగో ట్రిబ్యూన్ ఏటా అచ్చువేసే జాబితానే తీసుకుంది. పేరు, తేదీ, ఊరు, మోపిన నేరం. 1892లో లించింగ్‌కు గురైనవారు 241 మంది అని ఆ పత్రికే చెప్పింది. వాళ్లలో 160 మంది నల్లవాళ్లు. అత్యాచారం ఆరోపణ ఉన్నది మొత్తం హత్యల్లో మూడింట ఒక వంతుకు మించలేదు. ఆ మూడో వంతులోనూ అది రుజువు కాదు, ఆరోపణే. మిగతావాళ్ల మీద రాసిన కారణాలు చూస్తే దొంగతనం అనుమానం, తెల్లవాడితో తగాదా, ఎదురు మాట్లాడటం. కొన్నిచోట్ల అసలు కారణమే లేదు. హంతకుల పక్షాన ఉన్న పత్రికలే హంతకులకు వ్యతిరేక సాక్ష్యమయ్యాయి. వార్తా క్లిప్పింగులు కత్తిరించి, ఎఫ్ఐఆర్‌లు సేకరించి దాడుల జాబితాలు తయారుచేసే మన నిజనిర్ధారణ బృందాల పనికి ఇది దూరపు చుట్టం కాదు.

1893లో, 1894లో ఆమె బ్రిటన్‌లో పర్యటించి సభల్లో మాట్లాడింది. మొదటిసారి పిలిచినవాళ్లలో ముఖ్యురాలు క్యాథరిన్ ఇంపీ. ఆవిడ నడిపిన పత్రిక పేరు యాంటీ-కాస్ట్. రంగు వివక్షను కులం అనడం ఆనాటి ఇంగ్లీషులో మామూలే. అటు నుంచి చూపు ఇటు కూడా ఉంది. జోతిరావు ఫూలే 1873లో తన గులాంగిరీని బానిసత్వాన్ని రద్దుచేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. అదే బాటలో తన దేశం నడుస్తుందని ఆశించాడు. ఇరవై ఏళ్లకు ఐడా లండన్ సభల్లో చెప్పింది, రద్దయిన బానిసత్వం తర్వాత ఏం మొదలైందో.

బ్రిటిష్ పత్రికల్లో తమ పేరు పాడవడం, దూది కొనేవాళ్లు ప్రశ్నించడం మెంఫిస్ వర్తకులకు బాధ కలిగించింది. ఐడాకు ఇది బాగా తెలుసు. నీతికి లొంగనివాళ్లు కొన్నిసార్లు వ్యాపారానికి లొంగుతారు. కానీ అమెరికాలోని మంచి తెల్లవాళ్లతోనే ఆమెకు పెద్ద చిక్కొచ్చింది. మద్యనిషేధ ఉద్యమ నాయకురాలు ఫ్రాన్సెస్ విల్లర్డ్ నల్ల మగవాళ్ల తాగుడు వల్ల తెల్ల స్త్రీలకు ప్రమాదమనే ధోరణిలో మాట్లాడితే, ఆ మాటలను ఐడా బ్రిటన్‌లో తిరిగి అచ్చువేయించింది. సంస్కర్తలు గోల పెట్టారు. ఆమె వెనక్కి తీసుకోలేదు.

1895లో చికాగో న్యాయవాది ఫెర్డినాండ్ బార్నెట్‌ను పెళ్లాడింది. ఉపన్యాసాల కోసం పెళ్లి మూడుసార్లు వాయిదా పడింది. పేరు పూర్తిగా మార్చుకోకుండా వెల్స్-బార్నెట్ అయింది. నలుగురు పిల్లలు పుట్టారు. చంటివాణ్ని వెంటేసుకుని సభలకు వెళ్లేది. 1898లో దక్షిణ కరొలినాలో నల్ల పోస్ట్‌మాస్టర్ ఫ్రేజియర్ బేకర్‌ను, అతని పసిబిడ్డను గుంపు చంపితే, పాలుతాగే పిల్లాడితో వాషింగ్టన్ వెళ్లి అధ్యక్షుడు మెకిన్లీని కలిసింది. చనిపోయినవాడు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి కేసు నడిచింది. జ్యూరీ తేల్చలేకపోయింది. ఎవరికీ శిక్ష లేదు.

ఆమె గెలిచిన ఒక సందర్భం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఇల్లినాయిస్‌లో 1905 నాటి ఒక చట్టం ఉండేది. తన కస్టడీలో ఉన్న ఖైదీని గుంపుకు వదిలేసిన షెరీఫ్ పదవి పోయేది. షెరీఫ్ అంటే మన ఎస్పీ లాంటివాడు, కాకపోతే ఓట్లతో గెలుస్తాడు. 1909 నవంబరులో కైరో పట్టణంలో విలియం జేమ్స్ అనే నల్లవాణ్ని షెరీఫ్ ఫ్రాంక్ డేవిస్ చేతుల్లోంచి లాక్కుని గుంపు ఉరితీసి, కాల్చి, తగలబెట్టింది. గవర్నర్ షెరీఫ్‌ను తొలగించాడు. చేయగలిగిందంతా చేశానంటూ డేవిస్ తిరిగి పదవి కోరాడు. కైరోలోని నల్లవాళ్లే కొందరు అతనికి మద్దతుగా ఉత్తరాలిచ్చారు. భయమో, మొహమాటమో, అతను ఇప్పించిన చిన్న ఉద్యోగాలో. ఐడా మొదట వెళ్లనంది, అన్నిట్లో ముందుకు దూకుతుందన్న విమర్శలతో విసిగిపోయి ఉంది. పెద్దకొడుకు నిద్రలేపి, నువ్వు కాకపోతే ఇంకెవరు వెళ్తారని అడిగితే కదిలింది. కైరోలో నల్లవాళ్లను కూర్చోబెట్టి తీర్మానం చేయించింది. విచారణలో అటువైపు వకీళ్లు, పెద్దమనుషులు, ఇటువైపు దాదాపు ఆమె ఒక్కతే. గవర్నర్ షెరీఫ్‌కు పదవి తిరిగివ్వలేదు. మన అత్యాచారాల నిరోధక చట్టంలో విధి నిర్లక్ష్యం చేసిన అధికారిని శిక్షించే నాలుగో సెక్షన్‌ను వాడించడం ఎంత కష్టమో తెలిసిన కార్యకర్తలకు ఈ గెలుపు విలువ తెలుస్తుంది.

అదే ఏడాది ఎన్ఏఏసీపీకి పునాది పడిన సభలో నలభై మంది కమిటీ పేర్లు చదివితే ఆమె పేరు లేదు. ఆ పేరు తీసేసినవాడు డుబోయిస్ అని ఆమె ఆత్మకథ చెబుతుంది. 1946లో అంబేడ్కర్ ఉత్తరం రాసిన ఆ డుబోయిసే. తర్వాత పేరు చేర్చారు, గాయం మిగిలింది. 1913లో వాషింగ్టన్‌లో స్త్రీల ఓటుహక్కు ఊరేగింపులో నల్ల స్త్రీలు వెనుక నడవాలని నిర్వాహకులు అన్నారు. ఐడా కనబడకుండా పోయి, ఊరేగింపు సాగుతుండగా గుంపులోంచి వచ్చి తన ఇల్లినాయిస్ బృందం మధ్యలో నడిచింది.

1919లో ఆర్కన్సాలోని ఎలేన్ దగ్గర పంటలో వాటా మీద సేద్యం చేసే నల్లరైతులు సంఘం పెట్టుకున్నారు. పత్తికి సరైన ధర, భూస్వామి దగ్గర లెక్క చీటీ. కోరింది అంతే. చర్చిలో జరుగుతున్న వాళ్ల సమావేశం మీద కాల్పులు మొదలయ్యాయి. తర్వాత గుంపులు, సైన్యం కలిసి వేటాడాయి. అయిదుగురు తెల్లవాళ్లు చనిపోయారు. నల్లవాళ్లు వందకు పైగా చనిపోయారని చరిత్రకారుల అంచనా. కేసులు మాత్రం 122 మంది నల్లవాళ్ల మీదే. పన్నెండు మందికి మరణశిక్ష. ఐడా ఖైదీల భార్యలు, తల్లుల మధ్య బంధువులా కలిసిపోయి జైల్లోకి వెళ్లింది. వాళ్లు చావు గురించి, పరలోకం గురించి పాడుతుంటే విని, బయటికి వచ్చే రోజు కోసం ప్రార్థించమంది. ఒక్కొక్కరినీ ఎన్ని ఎకరాలు వేశావు, ఎంత పత్తి పోయింది అని అడిగి రాసుకుంది. ఎవరు చంపారన్నదే కాదు, పంట ఎవరి గోదాముకు చేరిందన్నది కూడా ఆమె పుస్తకంలో ఉంది. లిటిల్ రాక్ నల్ల న్యాయవాది సిపియో జోన్స్, ఎన్ఏఏసీపీ కేసును సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లారు. గుంపు భయం కింద నడిచిన విచారణ విచారణే కాదని 1923లో కోర్టు తేల్చింది. ఆ పన్నెండు మందిలో ఎవరినీ ఉరితీయలేదు.

చివరి ఏళ్లలో ఒక నల్లజాతి చరిత్ర పుస్తకం చదివితే, లించింగ్ వ్యతిరేక పోరాటంలో తన పాత్ర గురించి ఒక్క ముక్క లేదని చూసుకుంది. ఆత్మకథ రాయడం మొదలుపెట్టడానికి కారణం కూడా అలాంటిదే. ఒక యువతి ఆమెను పొగడబోయి, ఆమె ఏం చేసిందో చెప్పలేకపోయింది. 1931 మార్చి 25న చనిపోయేనాటికి ఆ రాత ఒక మాట మధ్యలో ఆగింది. కూతురు ఆల్‌ఫ్రెడా దాన్ని 1970లో అచ్చుకు తెచ్చింది.

ఆమె కాలం అయిపోయిందనుకోవడం తేలిక. థామస్ మాస్ కొట్టు లాంటివి ఎన్ని పోయాయో లెక్క లేదు. 1921లో టల్సాలో ఒక పేట పేటంతా తగలబడింది. కొట్టు పోతే కొడుక్కి మిగిలేది ఉండదు. అమెరికా కేంద్ర బ్యాంకు 2022 సర్వే ప్రకారం వరుసలో మధ్యన నిలిచే తెల్ల కుటుంబం ఆస్తి సుమారు 2,85,000 డాలర్లు. నల్ల కుటుంబానిది సుమారు 44,900. ఈ తేడాను తెలివితోనో కష్టంతోనో వివరించేవాళ్లు ముందు ఆ వేలం పాటల సంగతి చెప్పాలి.

అనుమానం చాలు అనే అలవాటూ పోలేదు. 2020 ఫిబ్రవరిలో జార్జియాలో అహ్మద్ ఆర్బరీ అనే పాతికేళ్ల యువకుడు పరుగు తీస్తుండగా, దొంగ అనుకున్నామంటూ ముగ్గురు తెల్లవాళ్లు ట్రక్కుల్లో వెంటాడారు. ఒకడు కాల్చి చంపాడు. వీడియో బయటికి వచ్చేదాకా, రెండు నెలలకు పైగా, ఒక్క అరెస్టూ లేదు. తర్వాత ముగ్గురికీ శిక్ష పడింది. ఎ రెడ్ రికార్డ్‌లో ఆ ఆరోపణకు ఒక గడి ముందే ఉంది.

చికాగోలో 1941లో ఆమె పేరుతో నల్ల కుటుంబాల కోసం పెద్ద ప్రభుత్వ గృహసముదాయం కట్టారు. ఇతర పేటల్లో నల్లవాళ్లకు ఇళ్లు అమ్మకూడదని దస్తావేజుల్లోనే రాసుకున్న కాలం అది. దశాబ్దాల నిర్లక్ష్యం తర్వాత 2002 నుంచి 2011 మధ్య ఆ ఇళ్లన్నీ కూల్చేశారు. ఆ కాలంలోనే నగరం నడిబొడ్డున ఒక పెద్ద రోడ్డుకు ఆమె పేరు పెట్టాలని ఉద్యమం సాగి, 2018లో నగర మండలి ఒప్పుకుంది. 2020లో పులిట్జర్ కమిటీ ప్రత్యేక పురస్కారం ప్రకటించింది.

ఇక చట్టం. సెయింట్ లూయిస్ ప్రతినిధి లియొనిడాస్ డయ్యర్ 1918లో పెట్టిన లించింగ్ వ్యతిరేక బిల్లు 1922లో దిగువ సభలో గెలిచి, సెనేట్‌లో దక్షిణాది సభ్యుల అడ్డుపుల్లకు ఆగిపోయింది. తర్వాత దాదాపు రెండు వందల ప్రయత్నాలు అలాగే పోయాయి. 2022 మార్చి 29న ఎమ్మెట్ టిల్ పేరుతో చట్టం వచ్చింది. సంతకం జరిగిన చోట ఐడా మునిమనవరాలు మాట్లాడింది. ద్వేషంతో కుట్ర పన్ని చంపినవాళ్లకు ముప్పై ఏళ్ల దాకా జైలు వేయవచ్చని అందులో ఉంది. డయ్యర్ బిల్లులో ఇంకో రెండు ఉండేవి. ఖైదీని కాపాడని అధికారికి జైలు, హత్య జరిగిన కౌంటీ మృతుడి కుటుంబానికి పదివేల డాలర్లు చెల్లించడం. 2022 చట్టంలో ఆ రెండూ లేవు.